స్వర్ణలత కోసం మూడు రోజుల ఉపవాసం

రండి, రండి, ముందుకు జరిగి కూర్చోండి. ఆ గోడ పక్కన గుసగుసలాడుతున్న ఇద్దరూ కాసేపు నోళ్ళు కట్టేసుకోండి. ఫోన్లు బోర్లా పెట్టండి. దగ్గు వచ్చేవాళ్ళు ఇప్పుడే దగ్గేయండి. మధ్యలో దగ్గితే మళ్ళీ మొదటి నుంచి చెప్పాల్సి వస్తుంది, ఇదేమో బందరులో బయల్దేరి గుడివాడ మీదుగా దివిసీమ దాకా వెళ్ళొచ్చే కథ. ఇందులో అబద్ధం ఒక్కటి కూడా లేదు. కొన్ని నిజాలు మాత్రం కాస్త పెద్దవి.

బందరులో ఎలీసబెతు అనే నర్సమ్మ ఉంది. ముప్పై ఏళ్ళు చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగి సూదులు వేసి రిటైరైంది. ఆమె వీధిలోకి వస్తే ఇప్పటికీ సగం బందరు జబ్బలు తడుముకుంటుంది. ఆమెకు ఈ లోకంలో ఇష్టమైనవి రెండే. ఒకటి, గుడిలో ఇరవై రెండేళ్ళుగా చెబుతున్న సండే స్కూలు. ఆమె జలప్రళయంలో ఓడ కథ చెబుతుంటే వెనక వరసలో పిల్లలు చొక్కాలు విప్పి పిండుకునేవాళ్ళు, అంతగా తడిసిపోయేవాళ్ళు. రెండోది, నవలలు.

నవలలు ఆమెకు మీరా సాహెబ్ కొట్లో దొరికేవి. కోనేరు సెంటరుకి దగ్గర్లో ఒక సందులో ఆయనది అద్దె పుస్తకాల కొట్టు. అట్టలు ఎప్పుడో చిరిగిపోతే అన్నిటికీ ఒకే రకం గోధుమరంగు అట్టలు వేసి కుట్టేశాడు. అందుకని అక్కడ నవలకి పేరుండదు, నంబరే. దేంట్లో ఏముందో తెలియడం ఎలాగంటే, దానికి ఆయన ఒక పద్ధతి పెట్టాడు. పుస్తకం తిరిగిచ్చేటప్పుడు చదివినవాళ్ళు తమ అభిప్రాయం ఒక చీటీ మీద రాసి లోపల పెట్టాలి. పేరు రాయనక్కర్లేదు. చీటీ లేకపోతే తర్వాతి పుస్తకం లేదు. తర్వాత వచ్చినవాళ్ళు ఆ చీటీ చూసి పుస్తకం తీసుకుంటారు.

ఎలీసబెతు చీటీలంటే ఆ కొట్లో గిరాకీ. ఆ నెల చదివిన వాటిలో ఒకదాని గురించి ఇలా రాసింది: "హీరో మంచివాడే. వాన వచ్చిన ప్రతిసారీ తడుస్తాడు. కారు కొన్నవాడు గొడుగు కొనుక్కోలేడా?" ఇంకొకదాని గురించి: "హంతకుడెవరో పదిహేనో పేజీలో నాకు తెలిసింది. ఇన్‌స్పెక్టరుకి మూడు వందల పేజీలు పట్టింది. అతన్ని సస్పెండ్ చేయాలి." మరొకదాని మీద ఒకటే వాక్యం: "ఇందులో గుత్తొంకాయ కూర బాగా ఉడికింది, కథ ఉడకలేదు." ఆ చీటీల కోసమే పుస్తకాలు అద్దెకు తీసుకుని, చీటీ చదివి, నవల చదవకుండా తిరిగిచ్చేవాళ్ళు కూడా ఉన్నారు.

ఇదంతా ఆమె గుట్టుగా చేసేది. ఎందుకంటే గుడిలో స్త్రీల సమాజానికి ఝాన్సీ టీచరుగారు అధ్యక్షురాలు. రిటైరైన హెడ్‌మిస్ట్రెస్. ఆవిడ గుడి మెట్లెక్కితే గోడ మీద బల్లి కూడా చేతులు కట్టుకునేది. నవలలు చదివేవాళ్ళ చేతుల్లో పిల్లల్ని పెట్టకూడదని రెండేళ్ళ కిందట ఆవిడ ఒక రూలు పెట్టి, చేతులెత్తించి పాస్ చేయించింది. ఎలీసబెతు కూడా కుడి చెయ్యి ఎత్తింది. ఎడమ చెయ్యి సంచిలో రెండు వందల ముప్పై ఒకటో నంబరు పుస్తకం మీద ఉంది.

ఇక ఆ ఆదివారం సంగతి. పొద్దున్నే ఎలీసబెతు వేసుకున్న లెక్క చాలా చిన్నది. నాలుగు వందల పన్నెండో నంబరు నవల మొదటి భాగం చివరి పది పేజీలు చదవడం, చీటీ రాయడం, గుడికి వెళ్తూ దారిలో పుస్తకం ఇచ్చేయడం, గుడిలో ప్రార్థన చీటీ సంచిలో వేయడం. అంతే. ఇడ్లీ పాత్రలో నీళ్ళు ఇగిరి అడుగంటుతున్నా ఆమె లేవలేదు. ఆ భాగం స్వర్ణలత పాల గ్లాసు పెదాల దాకా ఎత్తే చోట ఆగిపోయింది. ఎలీసబెతు కళ్ళు తుడుచుకుని, పాత క్యాలెండరు వెనక ముక్క చింపి, ఇలా రాసింది:

"స్వర్ణలత వెన్నలాంటి పిల్ల. మొగుడు గంగాధరరావు పైకి పెద్దమనిషి, లోపలంతా విషం. అత్త రోజూ పాలల్లో ఏదో కలిపి ఇస్తోంది. పిల్ల నమ్మి తాగుతోంది. పుట్టింటికి కబురు చేసే దిక్కు లేదు. చూస్తూ కూర్చోవడం తప్ప నేనేం చేయగలను? రెండు రోజులుగా నాకు అన్నం సయించడం లేదు."

అదే క్యాలెండరు నుంచి ఇంకో ముక్క చింపి, అదే పెన్నుతో ప్రార్థన చీటీ రాసింది: "రెండు మోకాళ్ళూ పట్టేశాయి. మధ్యలో కాస్త తెరిపి ఇస్తుంది, మళ్ళీ మొదలవుతుంది. ఇది త్వరగా ముగిసిపోతే అంతే చాలు."

బయట ఆమె భర్త కొండలరావు స్కూటరు హారన్ కొట్టాడు. ఆయన ఆర్టీసీ డ్రైవరుగా చేసి రిటైరైన మనిషి. సర్వీసులో ఉన్నన్నాళ్ళూ బస్సు ఒక్క నిమిషం కూడా ఆలస్యంగా తీయలేదు. ఆ చాదస్తం ఇంకా పోలేదు. "ఏమే, మొదటి గంట కొట్టేశారు. నువ్వు రాకపోతే బండి తీసేస్తా," అన్నాడు. తీసేస్తాడని ఆమెకు తెలుసు, ఒకసారి పెళ్ళికి ఆమెను వదిలేసి వెళ్ళాడు. గబగబా ఒక చీటీ పుస్తకంలో, ఒక చీటీ చేతిసంచిలో పడేసి పరిగెత్తింది, దారిలో పుస్తకం కొట్లో ఇచ్చేసింది. ఏది దేంట్లో పడిందో మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. ఆమెకు మాత్రం గుడిలో తెలిసింది.

ఆ గుడిలో పద్ధతి ఏమిటంటే, ప్రార్థన చీటీలన్నీ గుడ్డసంచిలో వేస్తారు, అయ్యగారు ఒక్కొక్కటీ తీసి పైకి చదువుతారు, అందరూ ప్రార్థిస్తారు. చీటీ మీద పేరు ఉండదు. ఎవరు రాశారని అడగకూడదు. అయ్యగారి పేరు రాహుల్. కొత్తగా వచ్చిన కుర్ర పాస్టరు, ఊళ్ళో ఇంకా ఎవరు ఎవరో సరిగ్గా తెలియదు. మొదటి చీటీ పరీక్షల గురించి. రెండోది గేదె గురించి. మూడోది తీసి, "స్వర్ణలత వెన్నలాంటి పిల్ల," అని మొదలుపెట్టాడు.

ఎలీసబెతుకి ముందు కోపం వచ్చింది, నా వాక్యాలు ఎవరు కాపీ కొట్టారా అని. తర్వాత తాను చూడకుండా గుడ్డసంచిలో వేసిన చీటీ గుర్తొచ్చింది. అయ్యగారు పాల గ్లాసు వాక్యం రెండుసార్లు చదివాడు. ఎనభై ఏళ్ళ సూరయ్య తాత, గుడి గంట కొట్టేది ఆయనే, లేచి నిలబడి ఆ పిల్ల ప్రమాదం నుంచి బయటపడే దాకా తాను కూడా పాలు ముట్టనని అందరి ముందూ ఒట్టు పెట్టుకున్నాడు.

ఎలీసబెతు చెప్పేద్దామని సగం లేచింది. ముందు బెంచీలో ఝాన్సీ టీచరుగారు కనిపించింది. ఆవిడ చీర కొంగుతో కళ్ళు ఒత్తుకుంటోంది. వచ్చే ఆదివారమే ఈ ఏడాది సండే స్కూలు ఎవరికో జాబితా చదివేది. అది నవల అంటే, నవల ఎవరు చదివారంటారు. ఇరవై రెండేళ్ళ క్లాసు ఒక్క వాక్యంతో పోతుంది. ఎలీసబెతు మోకాళ్ళు సహకరించలేదని మనసుకి సర్దిచెప్పుకుని కూర్చుండిపోయింది. ఆ ప్రార్థన ఝాన్సీ టీచరుగారే చేసింది. ఆవిడ అంతగా వెక్కివెక్కి ఏడవడం ఎవరూ ఎప్పుడూ చూడలేదు.

ఇంటికి వచ్చాక ఎలీసబెతు భర్తకి జరిగింది చెప్పింది. కొండలరావు ఫోన్ తీసి చూసుకున్నాడు. అది నవలని తనకేం తెలుసని, గుడిలో ఉండగానే ఆ సంగతి ఫోన్లో పంపేశానని చెప్పాడు.

"ఎవరికి పంపారు?"

"మన రిటైర్డ్ డ్రైవర్ల గ్రూపుకి."

"అందులో ఎంతమంది ఉన్నారు?"

"గుడివాడ డిపో, అవనిగడ్డ డిపో కూడా అందులోనే ఉన్నాయే," అని ఆయన నెమ్మదిగా అన్నాడు.

డ్రైవర్లకి ఒక మాట తెలిస్తే అది ఎంత దూరం వెళ్తుందో చెప్పాలా? రిటైరైనవాళ్ళు పనిలో ఉన్నవాళ్ళకి చెప్పారు. పనిలో ఉన్నవాళ్ళు కండక్టర్లకి చెప్పారు. కండక్టర్లు టికెట్‌తో పాటు స్వర్ణలత సంగతి కూడా చేతిలో పెట్టారు. సోమవారం మధ్యాహ్నానికి కృష్ణా డెల్టాలో బస్సు దిగిన ప్రతి మనిషికీ ఆ పిల్ల కష్టం తెలుసు, ఆ పిల్ల ఇల్లే ఎవరికీ తెలియదు.

తెలియకపోతే వెతుకుతారు కదా. పెడనలో అద్దకం పని చేసే స్వర్ణలత ఒకామె ఉంది. ఒక్క రోజులో ఆమె ఇంటికి పదకొండు మంది వచ్చి, మొగుణ్ణి వదిలేసి రమ్మని బతిమాలారు. తనకింకా పెళ్ళే కాలేదని ఆమె చెబితే, మరీ మంచిది, చేసుకోవద్దని చెప్పి అరటిపళ్ళు ఇచ్చి వెళ్ళారు. పన్నెండో మనిషి ఆమెను చూసుకోవడానికి వచ్చిన పెళ్ళికొడుకు. అతన్ని వీధి చివరే ఆపేశారు.

ముదినేపల్లిలో చేపల చెరువులున్న గంగాధరరావు ఒకడు ఉన్నాడు. పాపం సాధువు, చేప గిలగిల్లాడితే అటు తిరిగి నిలబడే రకం. మంగళవారం ఆయన ఇంటి ముందు నాలుగు ఆటోలు ఆగాయి. దిగిన ఆడవాళ్ళు ఏమీ అనలేదు, వరండాలో కూర్చుని ఆయన తల్లిని కన్నార్పకుండా చూశారు. ఆ పెద్దావిడ మర్యాదకి అందరికీ పాలు కాచి ఇచ్చింది. అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని, ఆమె లోపలికి తిరగ్గానే గ్లాసులన్నీ మందారం కుండీలో పోసేశారు. ఆ మందారం సాయంత్రానికి రెండు మూరలు పెరిగి పధ్నాలుగు పువ్వులు పూసింది. అయినా వాళ్ళ అనుమానం తీరలేదు.

గుడివాడలో ఇంకో గొడవ. అక్కడ కోడళ్ళందరూ అత్తలు ఇచ్చిన పాలు తాగడం మానేశారు. అత్తలు అలిగి, అయితే మీరే కాచుకోండని వంటిళ్ళు కోడళ్ళకి అప్పగించేశారు. ఆ వారం గుడివాడలో పాలు ఎంత మిగిలిపోయాయంటే, తోడు పెట్టడానికి గిన్నెలు చాలక బిందెల్లో, బకెట్లలో, ఒక ఇంట్లో అయితే కూలర్లో పెట్టారు. ఆ కూలర్ వేస్తే ఇప్పటికీ మజ్జిగ వాసన వస్తుంది.

బుధవారం నుంచి ఝాన్సీ టీచరుగారు మూడు రోజుల ఉపవాస ప్రార్థన ప్రకటించింది. బందరు వాళ్ళు ఉపవాసం ఉంటే మేము తింటామా అని దివిసీమ వాళ్ళు కూడా మొదలుపెట్టారు. నాగాయలంక వైపు పడవల వాళ్ళు వల వేసే ముందు స్వర్ణలత పేరు తలుచుకున్నారట. ఆ రోజు చేపలు వలలోకి రాలేదు, నేరుగా పడవలోకే ఎగిరి దూకి వరసగా పడుకున్నాయి. ఉపవాసం కదా, ఎవరూ తినలేక చూస్తూ కూర్చున్నారు.

గురువారం ఎలీసబెతు మీరా సాహెబ్ కొట్టుకి వెళ్ళింది. ఆయనకి చెవుల దాకా నవ్వు. నాలుగు వందల పన్నెండుకి ఇంత గిరాకీ ఎప్పుడూ లేదని, దాని కోసం తొమ్మిది మంది పేర్లు రాయించుకున్నారని చెప్పాడు. కారణం ఆమె పెట్టిన చీటీ. కదలకుండా కూర్చుని చదవడం వల్ల మోకాళ్ళు పట్టేశాయంటే ఆ నవల ఎంత బాగుండాలని జనం అనుకున్నారట. ఒకాయన మాత్రం చదివితే మోకాళ్ళ నొప్పి తగ్గుతుందేమో అని తీసుకెళ్ళి, తగ్గలేదని తెచ్చి ఇచ్చేశాడు.

ఎలీసబెతు బల్ల మీద చేతులానించి జరిగిందంతా చెప్పింది. మీరా సాహెబ్ నవ్వు ఆపాడు.

"నర్సమ్మగారూ, నిజం చెప్పేయండి. ఆ ఉపవాసాలుండేవాళ్ళలో షుగరున్నవాళ్ళు ఉంటారు," అన్నాడు.

"చెబితే నా క్లాసు పోతుంది మీరా సాహెబ్ గారూ. రూలు పెట్టింది ఝాన్సీ టీచరుగారు. ఆవిడకి నవలంటే పడదు."

ఆయన ఏదో అనబోయి, ఆగి, దగ్గి, పుస్తకాల వైపు తిరిగాడు. తన కొట్లో ఎవరేం చదువుతారో ఇంకొకరికి చెప్పనని, చెబితే సగం బందరు మిగతా సగంతో మాట్లాడదని మాత్రం అన్నాడు. పోనీ రెండో భాగమైనా ఇవ్వమని ఆమె అడిగింది. ఇంత జరుగుతున్నా ఆ పాల గ్లాసు సంగతి ఆమెను వదలడం లేదు. అది ఐదు వారాలుగా బయటే ఉందని, తీసుకున్నవాళ్ళు రెండోసారి చదువుతున్నారని ఆయన చెప్పాడు.

నిజం చెప్పే ధైర్యం లేదు, ఊరుకునే గుండె లేదు. ఎలీసబెతు మూడో దారి వెతికింది. శుక్రవారం ఉపవాసం ముగింపు ప్రార్థనలో, ఎడమచేత్తో వంకర అక్షరాలు రాసి ఇంకో చీటీ సంచిలో వేసింది. "స్వర్ణలత క్షేమంగా పుట్టింటికి చేరింది. గంగాధరరావు మనసు మారింది. అందరికీ వందనాలు. ఇక ఎవరూ ఏమీ చేయనక్కర్లేదు, భోజనాలు చేయండి." దీంతో కథ అయిపోతుందనుకుంది.

చీటీ చదవగానే గుడి పైకప్పు ఎగిరిపోయేలా చప్పట్లు కొట్టారు. ఝాన్సీ టీచరుగారు ఒక్కతే కొట్టలేదు. ఆవిడ కనుబొమ్మలు ముడిపడిపోయాయి. రాహుల్ అయ్యగారి ఆనందానికి పట్టపగ్గాలు లేవు. వచ్చిన ఊళ్ళో నెల తిరక్కుండా ఇంత గొప్ప మేలు జరిగిందని మురిసిపోయి, ఆదివారం స్వర్ణలత గారే స్వయంగా వచ్చి సాక్ష్యం చెబుతారని, గుడివాడ వాళ్ళూ దివిసీమ వాళ్ళూ తప్పక రావాలని ప్రకటించేశాడు. ఆమె ఎక్కడుందో తెలియకపోయినా కబురు అందుతుందని ఆయన నమ్మకం.

శనివారమంతా కొండలరావు భార్య చుట్టూ తిరిగాడు. తన చెల్లెలి కూతుర్ని తీసుకొచ్చి స్వర్ణలత అని నిలబెడదామని, రెండు ముక్కలు చెప్పి ఏడిస్తే అయిపోతుందని, ఆ పిల్ల ఏడుపులో మంచి పనిమంతురాలని అన్నాడు.

"ఒక అబద్ధానికి రెండో అబద్ధాన్ని కాపలా పెట్టి చూశాను కదండీ. మూడోది వద్దు," అని ఎలీసబెతు బీరువా పైనుంచి సండే స్కూలు సంచి దించింది. బొమ్మల అట్టలు, సుద్దముక్కలు, పిల్లల హాజరు పుస్తకం, బాగా పాడినవాళ్ళకి ఇచ్చే నిమ్మ తొనల బిళ్ళలు, అన్నీ ఒక్కొక్కటీ తుడిచి సర్దింది. రేపు నిజం చెప్పి ఆ సంచి ఝాన్సీ టీచరుగారి చేతికి ఇచ్చేద్దామనుకుంది. బిళ్ళలు లెక్క పెడుతుంటే కళ్ళు మసకేశాయి. కొండలరావు ఆమె పక్కన కూర్చుని, ఒక బిళ్ళ తీసుకుని నోట్లో వేసుకున్నాడు.

ఆదివారం గుడి ముందు షామియానా వేశారు. అవనిగడ్డ నుంచి మూడు వ్యాన్లు, మోపిదేవి నుంచి రెండు, గుడివాడ నుంచి పాటల బృందం హార్మోనియంతో సహా ఒక బస్సు. రిటైర్డ్ డ్రైవర్లందరూ పాత ఖాకీలు ఇస్త్రీ చేసుకుని వేసుకొచ్చారు. ముదినేపల్లి గంగాధరరావు కూడా తల్లిని వెంటబెట్టుకుని వచ్చాడు, ఆ మొగుడు తాను కాదని నలుగురి ముందూ తేలుతుందని. వెనక పెద్ద డేగిసాల్లో బిర్యానీ ఉడుకుతోంది. జనం ఎంతమందంటే, లోపల ఒకరు ఊపిరి పీలిస్తే పక్కవాళ్ళు వదలాలి.

రాహుల్ అయ్యగారు మైకు ముందుకొచ్చి, స్వర్ణలతమ్మగారు వచ్చి ఉంటే ముందుకు రావాలని పిలిచాడు. ఎవరూ లేవలేదు. మళ్ళీ పిలిచాడు. జనమంతా వెనక్కి తిరిగి గుమ్మం వైపు చూశారు. అప్పుడు ఎలీసబెతు సంచి పట్టుకుని లేచింది. నడవా మధ్యలోకి వచ్చిందో లేదో, ముందు బెంచీలో ఝాన్సీ టీచరుగారు ఒక్క ఉదుటున నిలబడింది. శుక్రవారం చీటీలో రాసింది ఆవిడకి మింగుడుపడలేదు, ఇక ఆగలేదు.

"అయ్యగారూ, ఈ సాక్ష్యం జరగడానికి వీల్లేదు. స్వర్ణలత క్షేమంగా పుట్టింటికి చేరలేదు."

"మీకెలా తెలుసమ్మా?" అన్నాడు అయ్యగారు.

"పుట్టింట్లో తలుపు తీసింది ఎవరు? వదిన. ఆ వదినే కదా గంగాధరరావుకి ఫోన్ చేసింది. పిల్ల పెరటి గోడ దూకి రైలెక్కింది. పైగా వాడి మనసు మారిందట. వాడు రెండో పెళ్ళికి పందిరి వేయించుకుంటుంటే మనసు మారడం ఏమిటి? ఎవరు రాశారో గానీ కళ్ళు మూసుకుని రాశారు."

ముదినేపల్లి గంగాధరరావు తల్లి కొడుకు వైపు అనుమానంగా చూసింది. నడవాలో ఉన్న ఎలీసబెతు తాను ఎందుకు లేచిందో మర్చిపోయింది.

"అదేంటి టీచరుగారూ, వదిన మంచిదే కదండీ. ఉత్తరం దాచి ఇచ్చింది కూడాను."

"అదంతా నటన. నూట పదకొండో పేజీలో బయటపడుతుంది."

"మొదటి భాగంలో నూట పదకొండో పేజీలో తిరునాళ్ళు కదండీ."

"మొదటి భాగం సంగతి ఎవరు చెప్పారు? రెండో భాగం," అంది ఝాన్సీ టీచరుగారు. అనేశాక చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ చెయ్యి ఒక వాక్యం ఆలస్యంగా వచ్చింది.

"ఐదు వారాల నుంచి మీ దగ్గరే ఉందా అండీ?" అని ఎలీసబెతు అడిగింది.

ఏ భాగం, ఏ పేజీ, ఎవరి దగ్గర అని అయ్యగారు ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూశాడు. ఎలీసబెతు నడుచుకుంటూ వెళ్ళి మైకు అందుకుంది. చీటీలు మారిన సంగతి, డ్రైవర్ల గ్రూపు సంగతి, ఎడమచేతి రాత సంగతి ఒక్కటీ దాచలేదు. చివరికి సంచి బల్ల మీద పెట్టింది.

"నవల చదివింది నేను, ఆ చీటీ నాది, రెండో చీటీలో అబద్ధమూ నాదే. పిల్లల క్లాసు ఎవరికి ఇవ్వాలో మీ ఇష్టం," అంది.

రూలు ఎవరిదో అయ్యగారికి తెలుసు కాబట్టి ఆయన ఝాన్సీ టీచరుగారి వైపు తిరిగాడు. గుడి మొత్తం తిరిగింది. ఆవిడ కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకుంది. ముప్పై ఆరేళ్ళు పిల్లల సాకులన్నీ విన్న మనిషి, ఇప్పుడు తనకోసం ఒక సాకు వెతుక్కోవాల్సి వచ్చింది.

"రూలులో నవల అని ఉంది," అని నిదానంగా మొదలుపెట్టింది. "ఎలీసబెతు చదివింది మొదటి సగం. నేను, ఎవరో మా ఇంట్లో మర్చిపోతే, చదివింది రెండో సగం. పూర్తి నవల చదివినవాళ్ళు ఈ గుడిలో ఎవరూ లేరు. కాబట్టి రూలు ఎవరూ తప్పలేదు."

అంటూనే బల్ల మీది సంచి తీసి తన చేత్తోనే ఎలీసబెతు భుజానికి తగిలించింది. అయ్యగారు జాబితా తీసి చదివితే సండే స్కూలు దగ్గర పాత పేరే ఉంది. వెనకాల నిలబడ్డ పిల్లలు అరిచిన అరుపుకి హార్మోనియం దానంతట అదే మోగింది.

అంతటితో అయిపోయేదే, కానీ దివిసీమ వాళ్ళు కదల్లేదు. మూడు రోజులు పస్తులుండి, వ్యాన్లు కట్టించుకుని వచ్చామని, అది నవలైనా సరే నిజమైనా సరే, ఆ పిల్లకి ఏమైందో చెప్పందే బిర్యానీ ముట్టమని భీష్మించుకు కూర్చున్నారు. సరేనని ఎలీసబెతు మైకు ముందు నిలబడి మొదటి భాగం చెప్పింది. పాల గ్లాసు దగ్గరికి వచ్చేసరికి ముదినేపల్లి గంగాధరరావు తల్లి తట్టుకోలేక ఆ గ్లాసు లాక్కో అని అరిచింది. అక్కడి నుంచి ఝాన్సీ టీచరుగారు అందుకుంది. ఆవిడ చెబుతుంటే రైలు గుడిలోంచే వెళ్ళింది. బిర్యానీ చల్లారిపోయింది, మళ్ళీ వేడి చేశారు, మళ్ళీ చల్లారింది.

చివరి పేజీలో స్వర్ణలత, రైల్వే స్టేషన్ బెంచీ మీద, పుట్టింటికి రాసిన ఉత్తరం చేతిలో ఉండగానే కన్నుమూసింది. పుస్తకం అక్కడితో అయిపోయిందని ఝాన్సీ టీచరుగారు చెప్పింది. ఖాకీ చొక్కాలన్నీ కళ్ళు తుడుచుకున్నాయి. కొండలరావు ఎక్కిళ్ళు పెట్టాడు. గుడివాడ నుంచి వచ్చిన అత్తలూ కోడళ్ళూ ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. అయ్యగారు ఏ ప్రార్థన చేయాలో తెలియక మైకు పట్టుకుని నిలబడిపోయాడు.

అప్పుడు గంట తాడు పక్కన స్టూలు మీద కూర్చున్న సూరయ్య తాత లేచి అన్నాడు.

"టీచరమ్మా, ఆ పుస్తకం మీరు చదివింది ఎప్పుడో కదా. మేం ప్రార్థన మొదలుపెట్టింది మొన్న ఆదివారం. ఒకసారి మళ్ళీ తెరిచి చూడండి, ఈపాటికి బతికుంటుంది."